దీవెనమ్మ మట్టి పూసిన సీమకోడి

అనగనగా అన్నానంటే మీరు ఊఁ అనాలి. ఊఁ అనకుండా నోరు తెరుచుకుని చూసేవాళ్ళకి నేను కథ చెప్పను. "తర్వాతేమైంది, తర్వాతేమైంది" అని మీద పడేవాళ్ళకి అసలే చెప్పను. కథ దాని నడకన అది నడుస్తుంది. అన్నారా ఊఁ? సరే అయితే వినండి.

అనగనగా, మా అమ్మమ్మకి అమ్మమ్మ ఇంకా పుట్టని కాలంలో, గచ్చకాయలపాలెం అని ఒక పల్లె ఉండేది. నలభై గడపలు. ఎర్రమన్ను నేల. చుట్టూ ఆముదం చేలు, చేలగట్ల మీద మనిషెత్తు పుట్టలు. పల్లె నడుమ తాటాకు కప్పిన చర్చి. ఆ పల్లెలో దీవెనమ్మ అని ఒకామె ఉండేది.

దీవెనమ్మకి చేను లేదు, చెలక లేదు. పెళ్ళైన రెండో ఏడే పెనిమిటి పోయాడు. పిల్లలు లేరు. ఎండాకాలం ఇంటింటికీ పోయి మట్టిపొయ్యిలు వేసేది. మిగతా కాలమంతా కోళ్ళకి ఈకలు పీకేది. పాలెంలో ఎవరు కోడిని కోసినా ముందు దీవెనమ్మకే కబురు. నీళ్ళు కాచి, కోడిని ముంచి, ఈకలు పీకి, తాటాకు మంటమీద నూగు కాల్చి, పసుపు రాసి కడిగి, ముక్కలు కొట్టి ఇచ్చేది. ఆ పనికి కూలి ఏంటంటే, తలకాయ, మెడ, కాళ్ళు. ఒకరు ఎక్కువిచ్చిందీ లేదు, ఒకరు తక్కువిచ్చిందీ లేదు. ఆమె ఎన్నడూ మూతి ముడిచిందీ లేదు. మెడ పులుసు పెట్టుకుంటే దాని ముందు ఏ కూరా పనికిరాదనేది. నిజమే మరి, తిన్నవాళ్ళకి తెలుసు.

అంతా బాగానే ఉంది. ఒక్కటి మాత్రం బాగాలేదు.

క్రిస్మస్ పండగ పొద్దున పాలెం పాలెమంతా కొత్తబట్టలు కట్టుకుని చర్చికి పోయేది. పోయేముందు ప్రతి ఇంటివాళ్ళూ కోడిని కోసి, దీవెనమ్మ గుమ్మం ముందు పడేసి పోయేవాళ్ళు. ముందురోజే కోసిపెడదామంటే కూర రుచి చెడుద్దని ఆడవాళ్ళు ఒప్పుకునేవాళ్ళు కాదు. ముప్ఫై కోళ్ళు, ఒక్కోసారి నలభై. వాళ్ళు చర్చిలోంచి ఇళ్ళకొచ్చే వేళకి ముక్కలు చట్టిలో ఉండాలి. మరి దీవెనమ్మ చర్చికి ఎప్పుడు పోవాలి? పెళ్ళై పాలెం వచ్చింది మొదలు ముప్ఫై ఏళ్ళపాటు, పండగ పొద్దున ఆమె చర్చి గడప తొక్కలేదు. మామూలు ఆదివారాలు పోయేది. కానీ పండగ ఆరాధన వేరు, మామూలు ఆదివారం వేరు, మీకు నేను చెప్పాలా?

ఆమె ఇంటికి చర్చి దూరం. గాలి ఇటు తిరిగితే పాట ముక్క ఒకటి వినపడేది. గాలి అటు తిరిగితే అదీ లేదు. అందుకని పండగ అయినాక అడిగేది. ప్రతి ఏడూ ముగ్గుర్ని అడిగేది. మగవాళ్ళలో ఒకర్ని అడిగితే, "చాలాసేపు చెప్పారు దీవెనక్కా, నాకు కునుకు పట్టింది" అనేవాడు. ఆడవాళ్ళలో ఒకర్ని అడిగితే, ఎవరెవరు ఏ చీర కట్టారో అంచుతో సహా చెప్పేది. పిల్లల్లో ఒకర్ని అడిగితే, "బెల్లం మిఠాయి పెట్టారు" అని చెప్పి పారిపోయేవాళ్ళు. ఆమె నవ్వేది. నవ్వి, చేతులకంటిన ఈకలు దులుపుకునేది. కానీ లోపల ఒక ఆశ ఉండిపోయింది. చచ్చిపోయేలోపల ఒక్క పండగ, ఒకేఒక్క పండగ, మొదటి పాట నుంచి చివరి ప్రార్థన దాకా చర్చిలో కూర్చోవాలని. పెద్ద ఆశేం కాదు. కానీ ముప్ఫై ఏళ్ళలో తీరలేదు.

ఇట్లా ఉండగా, ఒక ఏడు కొక్కెర తెగులొచ్చింది. పొద్దున చూసిన కోడి సాయంత్రానికి మెడ వాల్చేసింది. నెల తిరిగేసరికి పాలెంలో కోడి అన్నది లేదు. పండగ దగ్గరికొచ్చింది. అల్లుళ్ళొస్తారు, వియ్యాలవారొస్తారు, చుట్టుపక్కల మూడు పల్లెల వాళ్ళొస్తారు. కూర ఏది? మేకని కొందామంటే ఆ ఏడు ఆముదాలు కూడా పండలా. సంఘపెద్ద గిద్యోను తల పట్టుకుని కూర్చున్నాడు. మంచివాడే గిద్యోను, కాకపోతే ప్రతిదానికీ కంగారు. వాన వస్తే కంగారు, రాకపోతే కంగారు.

కొండపక్క బంగళాలో ఒక దొరసానమ్మ ఉండేది. జ్వరాలకి మందులిచ్చేది. ఆమెకి సంగతి తెలిసింది. బంగళా దొడ్లో ఒక సీమకోడి మిగిలి ఉంది. పెద్ద పుంజు. ఆ పుంజుని జవానుతో పట్టించుకుని తనే నడిచొచ్చింది. దొరసానమ్మ తెలుగు బైబిలు చదివి నేర్చుకున్న తెలుగు, అందుకని మాట అట్లాగే ఉండేది.

"మీరు దీనిని ముక్కలు చేయవద్దు" అని చెప్పింది. "సంపూర్ణముగా కాల్చవలెను. నిదానమైన నిప్పు. ఉదయము మొదలుకొని మధ్యాహ్నము వరకు. నేనును వచ్చి మీతో భుజించెదను."

పాలెంవాళ్ళు ఆ పక్షిని చూసి రెండడుగులు వెనక్కేశారు. ఎప్పుడూ చూసిన సరుకు కాదది. మూడు కోళ్ళంత ఒళ్ళు, ముఖం మీద ఎర్రగా వేలాడే తోలు, తోక విప్పితే చేటంత. గిద్యోను దగ్గరికి పోయాడు. అది గొంతులో గడగడలాడిస్తూ అతని పంచె పట్టుకుంది. తోసేస్తే మళ్ళీ పట్టుకుంది. మూడోసారి పట్టుకునేసరికి గిద్యోను పంచె వదిలేసినంత పనిచేసి చర్చిలోకి పరిగెత్తాడు. చివరికి దాన్ని దీవెనమ్మ ఇంట్లోనే కట్టేశారు. ఇంకెవరు పెట్టుకుంటారు?

దీవెనమ్మకి పట్టరాని సంతోషం. ఎందుకో మీరే చెప్పండి. ముప్ఫై కోళ్ళు లేవు, నలభై కోళ్ళు లేవు. ఈ పండక్కి ఒక్కటే కోడి! ఎంత పెద్దదైతే మాత్రం ఒక్కటేగా. పొద్దున్నే పీకి పడేస్తే మొదటి పాటకి చర్చిలో ఉండొచ్చు. పెట్టె అడుగున దాచుకున్న తెల్లచీర తీసి ఉతికింది. ఆరేసి, మడతపెట్టి, తలకింద పెట్టుకుని పడుకుంది. సీమకోడికి దోసిళ్ళతో సజ్జలు పోసింది. దానికి పేరు మాత్రం పెట్టలేదు. పేరు పెడితే కొయ్యలేమని ఆమెకి తెలుసు.

ఇల్లు అలకగానే పండగ కాదని ఊరికే అన్నారా? పెద్దలంతా కూర్చుని ఎట్లా వండాలన్న మాట ఎత్తారు. ఒకతను ముక్కలు కొట్టి పులుసు పెడదామన్నాడు. గిద్యోను ససేమిరా అన్నాడు. దొరసానమ్మ ముక్కలు చేయవద్దంది, అంతే, అది బైబిలు వాక్యమంత గట్టిదని అతని లెక్క. అదీగాక ముక్కలు చేస్తే తగువు. పాలెం వాడుకలో కాలు అల్లుడిది, కందనకాయ చర్చిలో వాక్యం చెప్పే ఉపదేశి అయ్యగారిది, కార్జం ముసలివాళ్ళది. ఉన్నది రెండు కాళ్ళు, ఆ ఏడు రాబోయే అల్లుళ్ళు పదకొండు మంది. ఇంకేం చేస్తారు? సంపూర్ణముగానే కాల్చాలని తేల్చారు.

ముందు కుండ వెతికారు. పాలెంలో అన్నిటికన్నా పెద్ద కుండ తెచ్చి, పడుతుందో లేదో చూద్దామని బతికున్న సీమకోడినే అందులోకి దించబోయారు. ఇట్లాంటి తెలివి మా పాలెంవాళ్ళకే ఉంటుంది. అది ఒక్క తన్ను తన్నింది, కుండ మూడు పెంకులైంది.

తర్వాత రేవులో బట్టలుతికే లచ్చన్న బాన అడిగారు. బట్టలు ఉడకేసే బాన అది, రెండు సీమకోళ్ళు పడతాయి. లచ్చన్న ఇవ్వడానికి ఇష్టపడ్డాడుగానీ, తరాల నుంచి చవుడు మన్ను పీల్చిన బాన, మీ పండగ కూర చాకిరేవు వాసనొస్తే నన్ననొద్దన్నాడు. గిద్యోను బానలో తలపెట్టి వాసన చూసి, తుమ్మి, తల బయటికి తీశాడు.

మూడోది బండి ఇరుసు. ఇరుసుకి పక్షిని గుచ్చి, రెండు పంగకర్రలు పాతి, కింద నిప్పు పోసి తిప్పుతూ కాల్చడం. అందరికీ నచ్చింది. అయితే తిప్పేది ఎవరు? పొద్దు పొడిచిన కాడ నుంచి పొద్దు నడినెత్తికొచ్చేదాకా పక్కనే కూర్చుని, తిప్పుతూ, నెయ్యి పూస్తూ ఉండాలి. కాసేపు వదిలినా ఒకపక్క మాడుద్ది.  అందరూ ఒకేసారి, ఓ పక్కగా నిలబడి వింటున్న దీవెనమ్మ వైపు చూశారు. ఆమె అయితే అలవాటున్న మనిషి అన్నారు. ఆమె కూర్చుంటే మనకి బెంగ లేదన్నారు. ఎవరూ చెడ్డగా అనలేదు. అంతా ప్రేమగానే అన్నారు.

దీవెనమ్మ సరేనంది. కానీ ఇంటికి పోయి, తెల్లచీర తీసి మళ్ళీ పెట్టె అడుగున పెట్టేసింది. పెట్టేటప్పుడు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఒంటరిగా ఉందిగనక ఎవరూ చూడలేదు.

మర్నాడు ఒక ఇంట్లో పొయ్యి పగిలిందంటే వేసిపెట్టడానికి పోయింది. పుట్టమన్ను తెచ్చి, ఊక కలిపి, మోచేతులదాకా తొక్కి పిసికి పొయ్యి వేసింది. పని అయినాక చూసుకుంటే ముంజేతుల మీద మన్ను ఎండిపోయి ఉంది. గీకింది. చుర్రుమంది. మన్నుతోపాటు చేతిమీది రోమాలు కూడా ఊడొచ్చాయి. ముప్ఫై ఏళ్ళ నుంచి పొయ్యిలు వేస్తోంది, ముప్ఫై ఏళ్ళ నుంచీ చుర్రుమంటూనే ఉంది. ఆ రోజు మాత్రం ఆమె ఆ మట్టిపెళ్ళని చేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. రోమం పీకే మన్ను ఈక పీకదా అనుకుంది.

ఇంకోటి కూడా ఆమెకి తెలుసు. గొర్రెలు కాసేవాళ్ళు పొద్దున్నే నిప్పుల గుంతలో గెణుసుగడ్డలు పూడ్చిపెట్టి మందవెంట పోతారు. మధ్యాహ్నం వచ్చి తవ్వుకుని తింటారు. ఆ గడ్డల దగ్గర ఎవరూ కూర్చోరు. గుంత చేసే పని గుంత చేసుకుంటుంది, మనిషి చేసే పని మనిషి చేసుకుంటాడు.

పరీక్ష చేసింది. మొదట ఒక గెణుసుగడ్డకి మన్ను పూసి పొయ్యిలో పెట్టింది. మన్ను పల్చనైంది, పగిలింది, గడ్డ బొగ్గైంది. రెండోసారి ఉచ్చులో పడ్డ కౌజుపిట్టకి బెత్తెడు మందాన మన్ను పూసింది. ఈసారి ఉడికింది, ఈకలు కూడా సగానికి సగం ఊడొచ్చాయి. మన్నులోకి గడ్డి సన్నగా తరిగి కలిపితే పట్టు ఇంకా గట్టిగా ఉంటుందని అర్థమైంది. మూడోసారి చెయ్యడానికి ఇంక పిట్ట లేదు. ఉన్నది సీమకోడే.

ఇక్కడ ఆమెకి భయం పట్టుకుంది. భయం ఉండదా మరి? అది పాలెం మొత్తానికి ఉన్న ఒకేఒక్క కూర. చెడిపోతే మూడు పల్లెల చుట్టాల ముందు నలభై గడపల పరువు పోతుంది. దొరసానమ్మ ముఖం ఎట్లా చూడాలి? ఆ తర్వాత కోడి పీకమని ఆమెని పిలిచేదెవరు, మెడ పులుసు పెట్టుకునేదెట్లా? నా ఒక్కదాని ఆశకి ఇంతమంది నోటికాడ కూడు చెడగొడతానా అని రెండు రోజులు మథనపడింది. చెప్పి చేద్దామంటే గిద్యోను ఒప్పుకోడు. చెయ్యకుండా ఊరుకుందామంటే మనసొప్పుకోదు. మూడోరోజు పెట్టె తెరిచి తెల్లచీర మళ్ళీ బయటికి తీసింది.

పండగ ముందురోజు సాయంత్రం గిద్యోనే సీమకోడిని కోశాడు. కోసి, "పొద్దు పొడవకముందే ఇరుసుకెక్కించమ్మా" అని అప్పగించి పోయాడు. దీవెనమ్మ ఈకలు పీకలేదు. పొట్ట కోసి శుభ్రం చేసి, లోపలంతా ఉప్పు, పసుపు, వెల్లుల్లి, అల్లం, ఎండుమిరప నూరి పట్టించింది. పొట్టని తుమ్మముళ్ళతో గుచ్చి మూసింది. మూడు గంపల పుట్టమన్ను, గడ్డి తరుగు కలిపి, అప్పటికే తొక్కి పెట్టుకుంది. పక్కింటామె చూసి పండగపూట పొయ్యి వేస్తున్నావా అత్తా అని అడిగితే, పెద్ద కోడికి పెద్ద పొయ్యి కావాలిగా అంది. అబద్ధమేం చెప్పలేదు.

పెరట్లో మోకాలిలోతు గుంత తవ్వి తుమ్మమొద్దులు కాల్చింది. కోడి కూసేవేళ అందామంటే ఆ ఏడు పాలెంలో కోళ్ళు లేవు, అందుకని వేగుచుక్క పొడిచేవేళ అంటాను. ఆ వేళకి గుంత నిండా కణకణలాడే నిప్పులు. సీమకోడికి ఈకలతో సహా రెండు బెత్తెల మందాన మన్ను పూసింది. అది ఇంక పక్షిలా లేదు, చిన్న పుట్టలా ఉంది. నిప్పుల్లోకి దించి, పైన నిప్పులు కప్పి, నిప్పుల మీద మన్ను కప్పి, మన్ను మీద నీళ్ళు చిలకరించి తొక్కింది.

తర్వాత స్నానం చేసింది. కుంకుడుకాయతో ఒకసారి, సున్నిపిండితో ఒకసారి, ఉత్త వేణ్ణీళ్ళతో ఒకసారి. అయినా గోళ్ళలో మన్ను పోలేదు. పోకపోతే పోయిందిలే అనుకుని తెల్లచీర కట్టుకుని బయల్దేరింది.

చర్చిలో చివర, గుమ్మం పక్కన, గోడకానుకుని కూర్చుంది. మొదటి పాట ఎత్తుకున్నారు. గాలి ఎటు తిరిగినా ఆ పూట ఆమెకి పనిలేదు. పాటలో ప్రతి మాటా వినపడుతోంది. ఆమె పాడలేదు, వింటూ కూర్చుంది. రెండో పాటకి సన్నగా గొంతు కలిపింది. మూడో పాటకి పక్కనున్న ఆడవాళ్ళు తిరిగి చూసేంత గట్టిగా పాడింది.

అప్పుడు చూశాడు గిద్యోను. ముందు వరసలో దొరసానమ్మ కుర్చీ పక్కన నిలబడ్డవాడు, వెనక్కి తిరిగి తెల్లచీరలో ఉన్న దీవెనమ్మని చూశాడు.  చేత్తో సైగ చేశాడు, కోడి ఏదని. ఆమె చిన్నగా తలూపి కళ్ళు మూసుకుంది. ఆ తలూపడానికి అర్థమేంటో అతనికి తెలియలేదు. ప్రసంగం మొదలవగానే పక్క వాకిట్లోంచి జారుకున్నాడు. పోయి చూస్తే ఇరుసు ఉత్తది. కింద నిప్పు లేదు. దీవెనమ్మ పెరట్లో పక్షి లేదు, చట్టి లేదు, ఒక్క ఈక లేదు. తొక్కిన మన్ను ఉందంతే. ముఖం పాలిపోయి తిరిగొచ్చి, ఒకరి చెవిలో చెప్పాడు. ఆయన ఇద్దరి చెవుల్లో చెప్పాడు. ప్రసంగం సగమయ్యేసరికి ఉపదేశి అయ్యగారికీ దొరసానమ్మకీ తప్ప అందరికీ తెలిసింది. కుక్కలెత్తుకుపోయాయని కొందరు, అమ్ముకుందని కొందరు. మెడ తినే మనిషికి మొత్తం తినాలనిపించిందేమోనని కూడా ఒకరన్నారు. ఆ అన్నవాళ్ళ పేరు నాకు తెలుసు, చెప్పను, వాళ్ళ వంశంవాళ్ళు ఇక్కడే కూర్చున్నారు.

దీవెనమ్మ కళ్ళు మూసుకునే వింటోంది. వెనక గుసగుసలు ఆమెకీ వినపడ్డాయి. లేచి పోదామా అనిపించింది.  కానీ లేవలేదు.

ప్రసంగం అయింది. చివరి ప్రార్థన. ఉపదేశి అయ్యగారు చేతులెత్తి కళ్ళు మూసుకున్నారు. పంట కోసం ప్రార్థించారు, రోగుల కోసం ప్రార్థించారు, దారినపోయేవాళ్ళ కోసం ప్రార్థించారు. ఆ తర్వాత, ప్రతి పండక్కీ అనే మాటే, ఆయనకి ముందున్న అయ్యగారు కూడా అన్న మాటే, అలవాటుగా అన్నారు.

"పొయ్యి దగ్గర ఉండి ఈ పూట రాలేకపోయిన మా సహోదరి దీవెనమ్మను జ్ఞాపకము చేసికొనుము తండ్రీ."

విన్నారా? ముప్ఫై ఏళ్ళ నుంచి ప్రతి పండక్కీ చర్చిలో ఆమె పేరు పలుకుతున్నారు. ముప్ఫై ఏళ్ళలో ఆమె తొంభై మందిని అడిగింది. ఒక్కరన్నా చెప్పారా? కునుకు చెప్పారు, చీరలు చెప్పారు, మిఠాయి చెప్పారు. వినీ వినీ వాళ్ళకి ఆ మాట వినపడటమే మానేసింది. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుద్ది.

దీవెనమ్మ కళ్ళు తెరిచింది. ప్రార్థన మధ్యలో ఎవరూ మాట్లాడకూడదని ఆమెకీ తెలుసు. కానీ రాలేదని దేవుడికి చెప్తుంటే, వచ్చిన మనిషి ఊరుకోవడం ఎట్లా?

"వచ్చానయ్యా" అంది. "ఇక్కడే ఉన్నాను."

 అయ్యగారు కళ్ళు తెరిచి చూశారు. పదిహేనేళ్ళుగా ఆ మాట అంటున్న మనిషి, ఆమె కూర్చోవాల్సిన చోటు ఖాళీగా ఉందని ఒక్కసారి కూడా చూడలేదు. ఆయన మిగిలిన ప్రార్థన వదిలేసి ఆమెన్ అనేశారు. ఆడవాళ్ళలో సగంమంది కొంగులు కళ్ళకద్దుకున్నారు. గిద్యోను కూడా తల దించుకున్నాడు. అంత కంగారులోనూ దించుకున్నాడు, అది మనం ఒప్పుకోవాలి.

బయటికొచ్చినాక మళ్ళీ కంగారు మొదలైంది. దీవెనమ్మ గడ్డపార తెమ్మంది. పాలెం, మూడు పల్లెల చుట్టాలు, దొరసానమ్మ, అందరూ ఆమె పెరట్లో మూగారు. ఆమె గుంత తవ్వింది. నల్లగా కాలిన మట్టిముద్ద బయటపడింది. ఇద్దరు మగవాళ్ళు తడిగోనెలతో పట్టి పైకి లాగారు. మట్టిముద్ద మీద ఆమె గడ్డపారతో ఒకటేసింది. పగల్లేదు. రెండోదేసింది. పగల్లేదు. గిద్యోను కళ్ళు మూసుకున్నాడు. మూడోదేసింది. పెళ్ళున విచ్చింది.

ఆవిరి లేచింది. అల్లం వెల్లుల్లి వాసన పెరడు దాటి వీధిలోకి పోయింది. మట్టిపెళ్ళలు లాగుతుంటే తోలుతో, ఈకలతో సహా ఊడొస్తున్నాయి. లోపల తెల్లటి మాంసం, ముట్టుకుంటే విడిపోతోంది. నిజం చెప్పాలంటే ఒకపక్క కాస్త మాడింది. మాడిన పక్క నాకిష్టమని గిద్యోను తీసుకున్నాడు. అది అబద్ధం. అతనికి మాడిందంటే గిట్టదు.

కాలు ఏదో రెక్క ఏదో తెలియకుండా మాంసం పొరలు పొరలుగా ఊడిపోయింది గనక అల్లుళ్ళ తగువూ రాలేదు. దొరసానమ్మ చాపమీదే కూర్చుని చేత్తో తింది. మా దేశమందు సైతము ఇంత మృదువుగా ఉండదని అంది. మట్టి డొప్పలో నిలిచిన రసం అన్నాల మీద పోసుకున్నారు. ఒక్కొక్కరికి ఎంతొచ్చింది? పిడికెడు కూడా రాలేదు. అయినా ఆ పూట తిన్నవాళ్ళెవరూ చాల్లేదనలేదట. దీవెనమ్మని బంతిలో ముందు కూర్చోబెట్టి వడ్డించారు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఆమె కాసేపు ఇబ్బంది పడింది, ఆ తర్వాత మారు అన్నం అడిగి మరీ తింది.

ఆ ఏటి నుంచి గచ్చకాయలపాలెంలో పండగ పొద్దున కోడి పీకమని ఎవరూ ఎవరి గుమ్మం ముందూ పడెయ్యలేదు. కోళ్ళు మళ్ళీ పెరిగాయి, కానీ వంట మారింది. ముందురోజు దీవెనమ్మ మన్ను తొక్కి ఇచ్చేది, ఎవరి గుంతలో వాళ్ళు పూడ్చుకుని చర్చికి పోయేవాళ్ళు. ఆమె కూలి ఆమెకి ముట్టేది, తలకాయ, మెడ, కాళ్ళు. దానికి తోడు పండగనాడు ఏ గుంత తవ్వినా మొదటి ముద్ద ఆమెదే. అట్లా ఇంకో పందొమ్మిది పండగలు ఆమె చర్చిలో కూర్చుంది. గుమ్మం పక్కనే కూర్చునేది. ముందుకి రమ్మంటే ఇక్కడైతే అంతా కనపడుద్దనేది. అయ్యగారు ప్రార్థనలో ఆ మాట మానెయ్యలేదు, ఆమే మానెయ్యనివ్వలేదు. ఆయన "దీవెనమ్మను" అనేవారు, ఆమె వెనక నుంచి "వచ్చానయ్యా, ఇక్కడే ఉన్నాను" అనేది. అందరూ చిన్నగా నవ్వుకునేవాళ్ళు.

ఇరవయ్యో పండక్కి ముందు, కోతల కాలంలో, దీవెనమ్మ పోయింది. రోగం లేదు, రొష్టు లేదు. అన్నం తిని గోడకానుకుని కూర్చుని, అట్లాగే పోయింది.

ఆ ఏడు పండగ వచ్చింది. ఎవరి మన్ను వాళ్ళే తొక్కుకున్నారు. చర్చి నిండింది. చివరి ప్రార్థనలో అయ్యగారు పంట కోసం ప్రార్థించారు, రోగుల కోసం ప్రార్థించారు, దారినపోయేవాళ్ళ కోసం ప్రార్థించారు. తర్వాతి మాట దగ్గర ఆగిపోయారు. రాలేకపోయిన దీవెనమ్మ అని ఎట్లా అంటారు? అనకుండా ఎట్లా దాటతారు? ఆయన ఆగారు, చర్చంతా ఆగింది. గుమ్మం పక్కన చోటు ఖాళీగా ఉంది. ఈసారి ప్రతి ఒక్కరూ అటే చూశారు.

అప్పుడు గిద్యోను లేచాడు. ముసలివాడైపోయాడు, చేతికర్ర సాయంతో లేచాడు. ఎప్పుడూ కంగారుపడేవాడు ఆ పూట కంగారుపడలేదు.

"వచ్చామయ్యా" అన్నాడు. "అందరం ఇక్కడే ఉన్నాం."

అదీ దీవెనమ్మ కథ. ఇప్పుడు గచ్చకాయలపాలెంలో చర్చికి పైకప్పు మారింది, పొయ్యిలు మారాయి. అయినా పని వదిలి రాలేనని ఎవరన్నా అంటే, "మట్టి పూసి రావమ్మా" అంటారు. పండగనాడు చివరి ప్రార్థనకి ముందు ఒక మనిషి గుమ్మంలో నిలబడి, పొయ్యి దగ్గర ఎవరన్నా ఉండిపోయారా అని వీధిలోకి మూడుసార్లు కేకేస్తాడు. ఉంటే వచ్చేదాకా ఆగుతారు. ఆ తర్వాత అయ్యగారు ఆ పేరు దగ్గరికొచ్చి ఆగుతారు. పిల్లా జెల్లా, ముసలీ ముతకా, పండక్కొచ్చిన చుట్టాలు కూడా ఒక్క గొంతుతో అంటారు, "వచ్చామయ్యా, ఇక్కడే ఉన్నాం" అని.

అది వినపడ్డాకనే ఆయన ఆమెన్ అంటారు. వినపడకపోతే అనరు.

కథ ఉడికింది, గుంత చల్లారింది. లేవండి, చేతులు కడుక్కోండి.